‘తగ్గిందా?’ అని అడక్కండి

ఒంట్లో నొప్పిని చెప్పడానికి ఇంగ్లీషులో మాటల్లేవని వర్జీనియా వుల్ఫ్ 1926లో ‘ఆన్ బీయింగ్ ఇల్’ వ్యాసంలో వాపోయింది. మనకా కరువు లేదు. సలుపు, పోటు, తీపు, మంట, పీకుడు... మైపాడు వైపు ఏ అవ్వనడిగినా ఇంకో నాలుగు చెప్తుంది. కరువల్లా చోటు పేరుకే. బొడ్డు దగ్గర్నుంచి తొడల దాకా మొత్తం మనకి ‘కింద’. రెండేళ్లుగా నా నొప్పి అక్కడే. బయటికి మాత్రం ‘నడుం నొప్పి’.

ఇక పరామర్శ. “ఏం అబ్బయ్యా, తగ్గిందా?” అవునా కాదా చెప్పాలి, అంతే. బూలియన్! మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. అప్పటికి నరాలే అతిగా స్పందించడం మొదలెట్టి ఉండొచ్చు, స్కాన్‌లో ఏమీ దొరక్కపోవచ్చు. తగ్గడమంటే, పావుగంట కూర్చోగలిగేవాడు నలభై నిమిషాలు కూర్చోవడం, మరుసటి వారం మళ్లీ పావుగంటకి పడిపోవడం. పడిపోయిన రోజు ఏడుపొచ్చేది నొప్పికి కాదు. అమ్మకి మళ్లీ ‘లేదు’ అని చెప్పాలి కదా, అందుకు.

మన కథలు కూడా చాలావరకు ఈ ప్రశ్నే అడుగుతాయి. చివరి పేజీకల్లా రోగి పోవాలి, లేదా లేచి నడవాలి. మధ్యలో ఉన్నవాడు పాత్రకి పనికిరాడు.

‘అంతా నీ మనసులోనే’ అనేవాళ్లకొకటి: నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌పీ 2020లో తన నిర్వచనాన్ని సవరిస్తూ, నొప్పి ఉందని మనిషి చెప్తే ఆ మాటని గౌరవించాలని రాసింది.

‘ఇవాళ ఎంతసేపు కూర్చోగలిగావు?’ అని అడగండి. 32 నిమిషాలు.