నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మ

మా మనవరాలికి ఏ బొమ్మ కొన్నా ముందు బ్యాటరీ ఉందా అని చూస్తాను. ఉంటే అక్కడే వదిలేస్తాను. మీట నొక్కగానే అదే పాడి అదే ఆడే బొమ్మతో పిల్లకి పనేముంది? పైగా ఆ బిళ్ల బ్యాటరీ మింగితే ప్రాణం మీదికొస్తుంది.

ఏటికొప్పాక గిలక్కాయ ఇచ్చి చూడండి. లేత్ మీద గిర్రున తిరిగే అంకుడు కర్రకి రంగు లక్కని ఒత్తి పట్టుకుంటే, రాపిడి వేడికి కరిగి నున్నగా పట్టేస్తుంది. పిల్ల దాన్ని చప్పరిస్తుంది, విసురుతుంది, పాక్కుంటూ వెళ్లి తెచ్చుకుంటుంది. ఆటంటే అదీ! కాస్త పెద్దయ్యాక లక్కపిడతలు. కొండపల్లి బొమ్మలంటే నాకు ప్రాణం, కానీ పొణికి చెక్క ముక్కలు అతికించి రంగులేసిన ఆ బొమ్మలు అలమరలోనే అందం.

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనేటప్పుడు మాత్రం పసుపు, నీలిమందు లాంటి సహజ రంగులేనా అని అడిగి తీసుకోండి.