ముందు స్టూలు వెయ్యండి, తర్వాత మర్యాద నేర్పండి

విజయవాడ బీసెంట్ రోడ్డులోనూ గవర్నర్‌పేటలోనూ వన్‌టౌన్‌లోనూ బట్టల షాపుల్లో చీరలు విప్పి చూపించి, మడతపెట్టి, మళ్ళీ విప్పే వాళ్ళం రాస్తున్న ప్రణాళిక ఇది. మాకు ఆఫీసు లేదు, బోర్డు లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు. మీరు సంతకం పెట్టమని ఇచ్చిన ప్రతిజ్ఞ పత్రం ఉంది. దాని వెనకవైపు ఖాళీగా కనబడితే అక్కడే మొదలుపెట్టాం.

ఆ పత్రం ఎలా పుట్టిందో రోడ్డు రోడ్డంతా తెలుసు. తెలియనట్టు తిరుగుతున్న పెద్దమనుషుల కోసం మళ్ళీ చెబుతున్నాం. మొన్న ఆషాఢం సేల్‌కి ముందు ఓనర్లంతా కలిసి ఒక కల్యాణ మండపం మాట్లాడి మాకు మర్యాద శిక్షణ పెట్టించారు. స్టాఫ్‌కి పొగరెక్కువని ఎవరో గూగుల్‌లో రాసి ఒకటే స్టార్ ఇచ్చారట. మా వారం సెలవు రోజునే పెట్టారు, ఆ రోజుకి జీతం లేదు, టీ మాత్రం ఇచ్చారు. ముందు వరసల్లో తెల్ల గుడ్డ తొడిగి రిబ్బను ముడేసిన కుర్చీల్లో ఓనర్లు, వాళ్ళ చుట్టాలు, స్పాన్సర్లు. వెనక గోడ వెంబడి మేము, యూనిఫారం చీరల్లో, అచ్చం షాపులో లాగే నిలబడి. వ్యక్తిత్వ వికాసం చెప్పే ఆయన హైదరాబాదు నుంచి దిగాడు. చిరునవ్వుకి ఖర్చు లేదన్నాడు, కస్టమరు దేవుడన్నాడు, ఎదుటి మనిషిని చూసి మాట్లాడాలన్నాడు. మూడు గంటల్లో ఒక్కసారైనా వెనక గోడ వైపు చూడలేదు.

చివరి వరసలో కుర్చీలు కొన్ని ఖాళీగానే ఉన్నాయి. పట్టు సెక్షన్ అక్క, పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉన్న మనిషి, మోకాళ్ళు పట్టేసి వాటిలో ఒకదాని మీద కూర్చుంది. సూపర్‌వైజర్ వచ్చి కుర్చీ వీపు మీద తట్టి, "లే. అవి గెస్టులకి" అన్నాడు. అక్క కొడుకు వయసు వాడు. అక్క లేవలేదు. కుర్చీ పట్టుకుని వెనక్కి లాగాడు. అందరూ తిరిగి చూశారు. ఆమె చీర సర్దుకుని గోడ దగ్గరకి వచ్చి నిలబడింది. మైకులో ఆ సమయానికి ఏ పాయింటు నడుస్తోందో మీరే ఊహించుకోండి.

మర్నాడు అక్కకి క్రమశిక్షణ పేరుతో రెండు రోజుల జీతం కోశారు. కౌంటరు వెనక రద్దీ లేనప్పుడు ఆనుకోవడానికి మేం ఉంచుకున్న పార్సిల్ బేలు గోడౌన్‌కి పోయింది. ఆ మూలకి కెమెరా తిప్పారు. వారం తిరక్కుండా ఈ ప్రతిజ్ఞ పత్రం వచ్చింది. కస్టమరు ఎదుట ఆవలించను. గోడకి ఆనుకోను. చేతులు కట్టుకోను. కస్టమరు కొనకపోయినా మొహం మాడ్చుకోను. ఇలా పదకొండు పాయింట్లు, పదకొండూ మాకే. కస్టమరుకి ఒకటి లేదు, ఫ్లోర్ మేనేజరుకి ఒకటి లేదు, ఓనరుకి అసలే లేదు. సంతకం పెట్టని వాళ్ళకి ఇన్సెంటివ్ ఆగిపోయింది.

సరే, అమర్యాద గురించే మాట్లాడదాం. మాకు తెలిసినంత మీకు తెలియదు. కస్టమర్లు చిటికె వేసి పిలుస్తారు. చెవిలో ఫోను అలాగే ఉంటుంది, వేలు మాత్రం పై ర్యాకు చూపిస్తుంది. ఏ చీరో అర్థంకాక రెండోసారి అడిగితే కసురుతారు. కొంగు పట్టుకుని చూసి, నచ్చకపోతే మా మొహం మీదకి విసురుతారు. ధర చెబితే, "నువ్వెప్పుడైనా కట్టావా ఇలాంటిది?" అంటారు. (కట్టాం. రోజుకి ఇరవైసార్లు, మీకు చూపించడానికి, మా యూనిఫారం మీదే.) నలభై చీరలు విప్పించి కొనకుండా లేస్తే మాకేం కోపం లేదు. చూడటానికి వచ్చారు, చూశారు, అది బేరం. మడతపెట్టడం మా పని. కిందపడ్డ చీర మీద చెప్పు కాలు వేసి నడిచి వెళ్తే ఆ మరక డబ్బు మా జీతంలోంచి పోతుంది. కోపం అక్కడ.

కస్టమరు అన్నదానికి ఒక మందు ఉంది, ఆవిడ అరగంటలో వెళ్ళిపోతుంది. ఫ్లోర్ మేనేజరు వెళ్ళడు. అతను మమ్మల్ని తిట్టేది తప్పు జరిగినప్పుడు కాదు, కస్టమరు వింటున్నప్పుడు. మమ్మల్ని తిడితే ఆవిడ చల్లబడుతుందని అతని లెక్క. మా పరువు అక్కడ డిస్కౌంటులో పోతుంది. ఆవిడ వెళ్ళాక, "ఏమనుకోకమ్మా, కస్టమరు కోసం అన్నాను" అంటాడు. నలుగురిలో తిట్టి చాటున క్షమాపణ చెప్పే పద్ధతి ఈ రోడ్డులో ఎవరు మొదలుపెట్టారో గానీ, ప్రతి షాపూ నేర్చుకుంది. బాత్రూం సెల్లార్‌లో ఉంటుంది, వెళ్ళేముందు రిజిస్టర్లో టైం రాయాలి, వచ్చాక రాయాలి. అందుకని మాలో సగంమంది మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగరు. రోహిణి కార్తెలో, బెజవాడలో.

ఇవన్నీ మార్చమని వరసగా అడగొచ్చు. అవి చివర్లో చెబుతాం. ముందు ఒక్కటే అడుగుతున్నాం, దాని మీదే నిలబడతాం, ఎలాగూ నిలబడే ఉన్నాం కాబట్టి. ప్రతి కౌంటరు వెనకా స్టూళ్ళు కావాలి. కస్టమరు లేనప్పుడు కూర్చుంటాం. వస్తే లేస్తాం. అంతే.

ఈ పాటి దానికి ప్రణాళికా అని నవ్వేవాళ్ళకి పాత సంగతి ఒకటి గుర్తు చేస్తాం. ఈ ఊళ్ళో బట్టల కొట్టంటే ఒకప్పుడు పరుపు. గోడ నుంచి గోడకి పరుపు, దాని మీద తెల్ల దుప్పటి. గుమాస్తా కూర్చునేవాడు, బేరానికి వచ్చిన వాళ్ళూ కూర్చునేవాళ్ళు, చీర ఇద్దరి మధ్యా పరుచుకునేది. గుమాస్తా కూర్చున్నాడని ఏ ఇల్లాలూ అవమానపడి బందరు వెళ్ళి కొనుక్కోలేదు. హోల్‌సేల్ కొట్లలో ఇవాళ్టికీ పరుపులున్నాయి, లక్షల బేరాలు వాటి మీదే తెగుతున్నాయి. ఏసీలూ గాజు తలుపులూ నాలుగంతస్తులూ వచ్చాక పరుపు లేచిపోయి కౌంటరు వచ్చింది. కౌంటరుకి అవతల కస్టమర్లకి కుషన్ స్టూళ్ళు వేశారు. ఇవతల మాకు నేల మిగిలింది. చీర అమ్మడానికి నిలబడి తీరాలన్న నియమం ఏ వ్యాపారంలో పుట్టిందో చూపించండి. మీరు నిలబెట్టారు కాబట్టి నిలబడ్డాం.

ఈ షాపుల్లోనే బిల్లు కౌంటర్లో కూర్చునే తమ్ముడికి చక్రాలున్న ఆఫీసు కుర్చీ ఉంది. అతని మీద మాకు అసూయ లేదు, మెడనొప్పి అతనికీ ఉంది. కానీ డబ్బు లెక్కపెట్టే మనిషి కూర్చుంటే మర్యాద తగ్గదట, చీర చూపించే మనిషి కూర్చుంటే తగ్గుతుందట! బ్యాంకులో గుమాస్తా కూర్చుంటాడు, సబ్ రిజిస్ట్రారు కూర్చుంటాడు, ఆర్టీసీ కండక్టరుకి కూడా సీటుంది. వాళ్ళందరికీ మీరు నమస్కారం పెట్టే మాట్లాడతారు.

శరీరం సంగతి డాక్టర్లు చెప్పాలి గానీ మా పిక్కలే చెబుతున్నాయి. గంటల తరబడి కదలకుండా నిలబడితే కాళ్ళలో రక్తం పైకెక్కడానికి కష్టపడుతుంది, సిరల్లో కవాటాలు సడలుతాయి, నరాలు నీలంగా ఉబ్బి మెలికలు తిరుగుతాయి. దసరా సేల్ ముగిసేసరికి పాదాలకి చెప్పులు పట్టవు. అమ్మవారి దీక్షలో ఉన్న భవానీలు కొండ దిగి వచ్చే ఆ రోజుల్లో షాపులు రాత్రి దాకా కిటకిటలాడతాయి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ముందు వారం అన్నం తినడానికి కూడా వంతులే.

ఇక చట్టం. మేం చదువుకోలేదనుకుని చట్టం పేరెత్తితే మీరు నవ్వుతారు, కానీ చదివాం. 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్, నిలబడి పనిచేసే కార్మికులకి వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని ఏనాడో చెప్పింది. అంటే చీర నేసే మిల్లులో మనిషి కూర్చోవచ్చన్నారు, అదే చీర అమ్మే మనిషిని మరిచారు. ఇంగ్లండులో విక్టోరియా రాణి బతికుండగానే, 1899లో, షాపుల్లో ప్రతి ముగ్గురు ఆడ గుమాస్తాలకి ఒక సీటైనా ఉండాలని చట్టం చేశారు. అంత దూరం దేనికి, కోళిక్కోడ్ మిఠాయి తెరువులో బట్టలు కుట్టే విజి అనే ఆవిడా ఆ వీధి ఆడవాళ్ళూ ముందు బాత్రూం కోసం, తర్వాత కూర్చోవడం కోసం ఏళ్ళ తరబడి కొట్లాడారు. 2018లో కేరళ తన షాపుల చట్టం మార్చి కూర్చునే హక్కు రాసింది. 2021లో తమిళనాడు రాసింది. అక్కడ షాపులు మూతపడలేదు. మన ఓనర్లలో కొందరు కంచిపట్టుకి ఇప్పటికీ అక్కడికే వెళ్తున్నారు. మన దగ్గర 1947 మద్రాసు షాపుల చట్టం తర్వాత 1966లో ఒకటి, 1988లో ఒకటి వచ్చాయి. వారం సెలవు కోసం ఈ ఊరి గుమాస్తాలు ఎన్ని ఊరేగింపులు తీశారో పెద్దవాళ్ళకి తెలుసు. 2025లో మన మంత్రివర్గం రోజు పనిని పది గంటలకి పెంచడానికి ఒప్పుకుంది. పెంచేటప్పుడు ఆ పది గంటలూ మనిషి ఏ భంగిమలో ఉంటుందని ఒక్క మంత్రీ అడిగినట్టు మేం వినలేదు. కేరళ రాసుకున్న ఆ ఒక్క వాక్యం మన చట్టంలోకీ రావాలి. అది వచ్చేదాకా ఆగం.

చోటు లేదంటారు. గణపతి విగ్రహానికి, సెల్ఫీ బోర్డుకి, తలలేని బొమ్మలకి చోటుంది. సోమరితనం వస్తుందంటారు. ఏటా ఎంత సరుకు అమ్మామో మీ కంప్యూటర్లోనే ఉంది. ఖర్చంటారు. ఒక మామూలు కాటన్ చీర ధరకి ప్లాస్టిక్ స్టూలు వస్తుంది, అది ఐదేళ్ళు ఉంటుంది, రంగు కూడా పోదు.

ఇది మా ఒక్కళ్ళ గొడవ అనుకోకండి. ఏటీఎం ముందు రాత్రంతా నిలబడే వాచ్‌మన్ తాత, పెట్రోలు బంకులో కుర్రాడు, ఆస్పత్రి వరండాలో ఆయమ్మ, బంగారం షాపు తలుపు తీసి మూసే అన్న, అందరూ మా వాళ్ళే. ఈ ఊరు నిలబడింది వీళ్ళ కాళ్ళ మీద. ఒక రోజు వస్తుంది, బందరు రోడ్డు పొడుగునా ప్రతి గుమ్మం దగ్గరా ఒక స్టూలు కనబడుతుంది. పని లేనప్పుడు కూర్చున్న మనిషిని చూసి ఎవరూ నేరం చూసినట్టు ఉలిక్కిపడరు. కౌంటరుకి అటూ ఇటూ కళ్ళు ఒకే ఎత్తులో ఉంటాయి. ఆ రోజున మర్యాద నేర్పడానికి హైదరాబాదు నుంచి ఎవర్నీ పిలిపించనక్కర్లేదు. బెజవాడలో మొదలైంది గుంటూరు పట్నంబజారుకి పాకుతుంది, రాజమండ్రికి పాకుతుంది, కృష్ణ దాటుతుంది, గోదావరి దాటుతుంది, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట కూడా వింటాయి. ఎంతమందిని పనిలోంచి తీస్తారు? కొత్తగా వచ్చిన పిల్లకీ కాళ్ళు రెండే.

మిగతావి క్లుప్తంగా. చిటికెకి పలకం. ఏమే, ఒసేయ్ అన్న పిలుపు మా చెవికి ఎక్కదు. కస్టమరు ముందు తిడితే కస్టమరు ముందే క్షమాపణ. మరక డబ్బు మరక చేసిన వాళ్ళదే. బాత్రూంకి రిజిస్టరు వద్దు. శిక్షణ పెడితే జీతం ఇచ్చి పెట్టండి, ఓనర్లూ మాతో పాటు వినండి. అక్క రెండు రోజుల జీతం వెనక్కి ఇవ్వాలి, దీని మీద బేరం లేదు.

మాలో సంతకం పెట్టిన వాళ్ళూ ఉన్నారు. ఇంట్లో అద్దె, పిల్లల ఫీజులు ఉన్నాయి. వాళ్ళని ఒక్క మాట అనం, స్టూళ్ళు వచ్చాక వాళ్ళూ కూర్చుంటారు. ఫ్లోర్ మేనేజర్లు కూడా రావచ్చు. వాళ్ళకీ కుర్చీ లేదన్న సంగతి వాళ్ళింకా గమనించినట్టు లేదు.

వచ్చే ఆషాఢం సేల్ మొదటి రోజు పొద్దున షట్టరు ఎత్తే వేళకి స్టూళ్ళు మీరు వేస్తే సంతోషం. వెయ్యకపోతే ఎవరి స్టూలు వాళ్ళం ఇంటి నుంచి తెచ్చుకుంటాం. సెక్యూరిటీ అన్నలకి ముందే చెప్పాం. కస్టమర్లు వస్తే లేచి చీరలు చూపిస్తాం, వెళ్ళాక కూర్చుంటాం. కెమెరా అటే తిప్పి ఉంది కాబట్టి సాక్ష్యానికి లోటుండదు. జీతం కోస్తే ఎందుకు కోశారో కాగితం మీద రాసి ఇవ్వండి: "కూర్చున్నందుకు" అని. దాన్ని పట్టుకుని లేబర్ ఆఫీసుకి వెళ్తాం.

ఈ ప్రణాళిక కాపీ బాత్రూం రిజిస్టర్లోనే పెట్టాం. చేరదలచిన వాళ్ళు టైం రాసేటప్పుడు పక్కన సంతకం పెట్టండి. పేరు వద్దనుకుంటే సెక్షన్ రాస్తే చాలు.

ఇట్లు,
పట్టు సెక్షన్, ఫ్యాన్సీ సెక్షన్, డ్రెస్ మెటీరియల్, బ్లౌజు పీసుల కౌంటరు, పిల్లల బట్టలు, మూడో ఫ్లోర్ రెడీమేడ్ అన్నలు, గోడౌన్