లోడు ముందు నడిచే మనిషికి కూలి ఏదీ?

కోతలు ముగిశాయంటే చాలు, కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి మెట్ట ప్రాంతాలకు వరిగడ్డి లారీలు బయలుదేరతాయి. పశువులకు మేత కావాలి, రైతుకు నాలుగు రూపాయలు రావాలి. దానికి మేము అడ్డు చెప్పడం లేదు. కాని ఆ గడ్డి మీద చేత వెదురు కర్ర పట్టుకుని కూర్చున్న కూలివాని సంగతి ఎవరైనా అడుగుతున్నారా?

అతని పని ఏమిటి? కరెంటు తీగ అడ్డమొస్తే కర్రతో పైకెత్తాలి. వంతెన వస్తే గడ్డిలో బోర్లా పడుకోవాలి. మన పల్లెల్లో ఎత్తు లోడుకు ఉన్న రక్షణ ఇంతే!

అనంతపురం వైపు గాలిమరల రెక్కలు వెళ్లే తీరు చూడండి. దారి ముందే కొలుస్తారు. అనుమతులు తీసుకుంటారు. ముందొక పైలట్ బండి, ఎర్ర జెండాలు, దారి చూపే మనుషులు. మంచిదే, అలాగే ఉండాలి. రెక్క విరిగితే కంపెనీకి నష్టం గనుక అంత జాగ్రత్త. మరి కూలివాని నడుము విరిగితే నష్టం ఎవరిది?

రెండేళ్ల కిందట మా వైపు ఒక రైలు వంతెన కింద గడ్డి లారీ ఇరుక్కున్నది. పైనున్న కుర్రాడు భయపడి దూకాడు, కాలు విరిగింది. మేము వెళ్లి అడిగితే, "పోయినేడు ఇదే లోడుతో పోయానండీ" అన్నాడు డ్రైవరు. అబద్ధం కాదు. నడుమ రోడ్డు మీద మళ్లీ తారు పోశారు. రోడ్డు ఎత్తు పెరిగింది, బోర్డు మీద అంకె మాత్రం పాతదే. కుర్రాడు మూడు నెలలు మంచాన పడ్డాడు. ఆసామి లారీవాణ్ణి చూపించాడు. లారీవాడు మేస్త్రీని చూపించాడు. మేస్త్రీ, "నేనెక్కమన్నానా?" అన్నాడు.

చట్టం లేక కాదు. లోడు మీద మనిషిని ఎక్కించుకోరాదని మోటారు వాహనాల చట్టంలోనే ఉన్నది. మితి మించిన ఎత్తు లోడుకు 2019 సవరణతో 20,000 రూపాయల జరిమానా పెట్టారు. రోడ్డు దాటే కరెంటు తీగ, చిన్న లైనైనా సరే, 5.8 మీటర్ల ఎత్తున ఉండాలని నిబంధన. ఊళ్లలో వేలాడే తీగలు చూసినవారికి ఆ నిబంధన ఎంత అమలవుతున్నదో వేరే చెప్పాలా?

అసలు మూలం కిరాయిలో ఉన్నది. గడ్డి తేలిక, కిరాయి ట్రిప్పు లెక్కన. కాబట్టి ఎంత ఎత్తు పేరిస్తే అంత లాభం. లాభం పైవారికి, ప్రమాదం పైనున్నవానికి!

రైల్వేవారు 2019 నాటికి బ్రాడ్‌గేజి మీద కాపలా లేని గేట్లన్నీ ఎత్తివేశారు. ప్రాణాలు కాపాడే పనే. కాని చాలాచోట్ల గేటు బదులు ఇచ్చిన కిందిదారులు ఎత్తు తక్కువవి. పైగా అవి పల్లంలోకి దిగి పైకెక్కుతాయి. ముందు చక్రాలు ఎగువకు ఎక్కి, వెనుక చక్రాలు ఇంకా ఇవతలి వాలులో ఉన్నప్పుడు నడిమి లోడు నేలకు మరింత ఎత్తవుతుంది. చదును నేల మీద కొలిచి సరిపోతుందనుకుంటే అక్కడే తగులుకుంటుంది.

మేము అడిగేది పెద్ద కోరికలు కావు. మోకు బిగించాక లోడు ఎత్తు కొలవాలి. లోడు మీద ఎవ్వరూ ఎక్కరాదు. అనుమానమున్న వంతెన దగ్గర బండి ఆపి, లోడుకన్నా బెత్తెడు ఎత్తు గడతో ఒక మనిషి ముందు నడిచి చూడాలి. కరెంటు తీగ దగ్గర మాత్రం గడ ముట్టించరాదు. తడిసిన వెదురులో కరెంటు పారుతుంది. లైన్‌మన్‌ను పిలిచి సరఫరా ఆపించాలి. తారు పోసినప్పుడల్లా వంతెన ఎత్తు తిరిగి కొలిచి తెలుగులో బోర్డు రాయాలి.

అన్నిటికన్నా ముఖ్యం, దారి చూపే మనిషికి రోజు కూలి ఇవ్వాలి. ఈనాడు అది ఎత్తుడు కూలిలో కలిసిపోయిన వెట్టి. కూలి లేని పనికి మనిషిని పెట్టరు. అందుకే వాణ్ణి గడ్డి మీదికెక్కించి కర్ర చేతికిస్తున్నారు.

కూలి మిత్రులారా! వచ్చే కోతల్లో రేటు మాట్లాడేటప్పుడే ఈ మాట కూడా తేల్చుకోండి. "పైకెక్కం, ముందు నడుస్తాం, దానికీ కూలి కట్టండి" అని ఊరంతా ఒక్కమాట మీద నిలవండి.