ఛోటా భీమ్ సంచీ కుడితే నేరమా?

మా అశోక్ నగర్ అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్ ఆంటీ బొమ్మల గుడ్డ కొని, పిల్లలకి లంచ్ సంచీలు కుట్టి అమ్ముతారు. చిక్కడపల్లి, నారాయణగూడ అమ్మలే కస్టమర్లు. మొన్న ఛోటా భీమ్ గుడ్డ కనబడేసరికి నోరూరుకోక "ఆంటీ, ఇది ట్రేడ్‌మార్కండీ, కేసవుతుంది" అన్నాను. (జీపీఎల్ చదివిన జబ్బు!) పాపం, ఆవిడ మిషన్‌కి గుడ్డ కప్పేశారు.

పాపం చేశానేమోనని చట్టం తిరగేశా. 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం సెక్షన్ 30 ప్రకారం, మార్కున్న సరుకు సక్రమంగా కొన్నవాళ్ళు తిరిగి అమ్ముకోవచ్చు. కానీ సరుకు స్థితి మారిస్తే యజమాని అభ్యంతరం చెప్పొచ్చు. మరి గుడ్డ కత్తిరించి సంచీ కుడితే? అదీ పీటముడి. 1997లో ప్యూర్టోరికోలోని అమెరికా ఫెడరల్ కోర్టు, ప్రెషస్ మూమెంట్స్ కేసులో, లైసెన్సున్న గుడ్డతో పక్కబట్టలు కుట్టడం కాపీరైట్ ఉల్లంఘన కాదంది. కంపెనీకి సంబంధం లేదని లేబుల్ మాత్రం పెట్టమంది. ఆ తీర్పు మన కోర్టుల్ని కట్టెయ్యదనుకోండి, నాకైతే న్యాయంగానే తోచింది.

దొంగ ప్రింటు గుడ్డయితే వేరే సంగతి. భీమ్‌ని 2008లో టీవీకెక్కించిన గ్రీన్ గోల్డ్ మన హైదరాబాదుదే, వాళ్ళ కష్టమూ కష్టమే. కానీ మీటర్ల లెక్కన అమ్మే కొట్లో బిల్లే ఇవ్వరు, లైసెన్స్ గురించి ఆంటీకెవరు చెప్తారు? పట్టుకుంటే ప్రింటు వేసినవాణ్ణి పట్టుకోవాలి, ఒక్క మిషన్ ఉన్నావిణ్ణి కాదు.

వాట్సాప్‌లో 'భీమ్ బ్యాగ్స్' అన్న పేరు మాత్రం తీయించేశా. ఆదివారం ఆవిడతో గుడ్డల కొట్టుకి నేనూ వెళ్తున్నా, బిల్లు అడగడానికి.