మందు మాన్పించడమూ వైద్యమే

2018 ఫిబ్రవరిలో లండన్ ‘టైమ్స్’ పత్రికలో ఒక లేఖ అచ్చయింది. రాసినవారు అప్పట్లో బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ అధ్యక్షురాలు వెండీ బర్న్, అదే సంస్థలో మందుల కమిటీకి సారథి డేవిడ్ బాల్డ్విన్. డిప్రెషన్ మందులు మానేశాక తలెత్తే ఇబ్బందులు అత్యధికుల్లో రెండు వారాల్లోపే సర్దుకుంటాయని అందులో భరోసా ఇచ్చారు. అయితే అంతకుముందెప్పుడో ఆ సంస్థే ఈ మందులు వాడిన 800 మందికి పైగా అనుభవాలను సేకరించింది. మానేసి 12 వారాలు దాటినా ఆందోళన వదల్లేదని వారిలో నాలుగోవంతు మంది చెప్పారు. లేఖ మీద దుమారం రేగాక ఆ సర్వే కాస్తా సంస్థ వెబ్‌సైట్‌ నుంచి మాయమైంది. పాతబడిపోయింది కాబట్టి తీసేశామన్నారు!

చివరికి 2019 మేలో కాలేజీ మాట మార్చుకుంది. కొందరిలో ఈ బాధలు తీవ్రంగా ఉండొచ్చు, చాలాకాలం సాగొచ్చు అని ఒప్పుకుంది. అదే ఏడాది అక్టోబరులో అక్కడి వైద్య మార్గదర్శకాలు రూపొందించే ‘నైస్’ సంస్థ, వారంలో తగ్గిపోతాయన్న తన పాత వాక్యాన్ని సవరించింది. ఈ మందుల్లో ఒకటైన ప్రోజాక్‌కు అమెరికాలో అనుమతి దొరికింది 1987 డిసెంబరులో. అంటే, రోగులు మొత్తుకుంటున్న సంగతి పుస్తకంలోకి ఎక్కడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

ఏమిటా బాధలు? తల తిరగడం, వికారం, నిద్ర పట్టకపోవడం, పట్టినా పీడకలలు, ఊరికే ఏడుపు రావడం, అకారణమైన కోపం. కళ్లు పక్కకు తిప్పితే చాలు తలలో కరెంటు షాకు కొట్టినట్టు ఉంటుందని చాలామంది చెబుతారు. ఇది డిప్రెషన్ లక్షణం కాదు. అయినా ఆందోళన, ఏడుపు, నిద్రలేమి చూడగానే ‘జబ్బు తిరగబెట్టింది’ అని మళ్లీ అదే మందు మొదలుపెట్టడం పరిపాటి. మందు పడగానే బాధ తగ్గుతుంది. చూశారా, జబ్బు ఉన్నట్టే కదా అంటారు.

నిజంగా తిరగబెట్టేవారు లేరని కాదు. 2021లో వెలువడిన ‘ఆంట్లర్’ అధ్యయనంలో, చాలాకాలంగా మందు వాడుతూ ఇక మానేయవచ్చనుకున్న 478 మంది బ్రిటన్ రోగులను రెండు జట్లు చేశారు. ఏడాదిలో మందు కొనసాగించిన వారిలో 39 శాతం మందికి, మాన్పించిన వారిలో 56 శాతం మందికి డిప్రెషన్ తిరగబెట్టింది. ఈ అంకెను రెండు వైపులా చదవాలి. మానడంలో ప్రమాదం ఉంది. మానేసినా దాదాపు 44 శాతం మంది నిలదొక్కుకున్నారు.

ఎంతమందికి ఈ ఇబ్బందులు వస్తాయన్న దగ్గరే అసలు తగువు. సగానికి పైగా అని 2018లో పరిశోధకులు జేమ్స్ డేవిస్, జాన్ రీడ్ లెక్కగట్టారు. ఆన్‌లైన్ సర్వేలను కలిపేసి సంఖ్యను పెంచారని విమర్శకులు కొట్టిపారేశారు. 2024లో జర్మనీ పరిశోధకులు ‘లాన్సెట్ సైకియాట్రీ’లో ప్రచురించిన సమీక్ష 79 అధ్యయనాలను జల్లెడ పట్టింది. నిజం మందు మానినవారిలో 31 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర మానినవారిలో 17 శాతం మందికి లక్షణాలు కనిపించాయి. తీవ్రమైనవి సుమారు 3 శాతం. ఊరటనిచ్చే లెక్కే. కానీ ఇలాంటి సమీక్షలకు ముడిసరుకైన ప్రయోగాల్లో ఎక్కువ భాగం కొన్ని వారాలు, నెలలు మందు వాడినవారివి. అయిదేళ్లు, పదేళ్లు వాడినవారి గోడు వాటిలో ఎలా వినిపిస్తుంది? శాతాల మీద కొట్టుకునే రెండు వర్గాలూ ఈ ప్రశ్న దగ్గర గొంతు తగ్గించడం గమనించదగ్గది.

మార్క్ హొరోవిట్జ్ ఉదంతం ఇక్కడ చెప్పుకోవాలి. ఈ మందులు మెదడులో ఎలా పనిచేస్తాయన్న అంశం మీదే పీహెచ్‌డీ చేసిన మానసిక వైద్యుడాయన. తాను వాడుతున్న ఎస్సిటాలోప్రామ్ మానబోయి, మొదటి జబ్బును మించిన నరకం చూశాడు. 2019లో మరో పరిశోధకుడు డేవిడ్ టేలర్‌తో కలిసి ఆయన రాసిన వ్యాసం డోసు తగ్గించే పద్ధతినే ప్రశ్నించింది. ఎస్సిటాలోప్రామ్ కోవకే చెందిన సిటాలోప్రామ్ 60 మిల్లీగ్రాములు వేసుకుంటే మెదడులోని సెరోటోనిన్ అనే రసాయనపు రవాణా ద్వారాల్లో సుమారు 88 శాతం మూసుకుంటాయి. 20 మిల్లీగ్రాములకు తగ్గించినా ఇంకా 80 శాతం మూతే. ఆ ప్రభావం పది శాతానికి దిగాలంటే డోసు అర మిల్లీగ్రాము కన్నా తగ్గాలి. ఇరవై, పది, అయిదు, ఆ పైన సున్నా అని లెక్కవేసే రోగి మెట్లు దిగుతున్నానని నమ్మి, చివరి మెట్టు దగ్గర డాబా మీంచి దూకుతున్నాడన్నమాట. రోజు విడిచి రోజు వేసుకోమనే సలహా మరీ చెరుపు. పరాక్సెటిన్ లాంటి మందు ఒక్కరోజులోనే రక్తంలో సగానికి పడిపోతుంది. కొద్దికొద్దిగా తగ్గే మాత్రలను వరసగా పేర్చిన పొట్లాలు నెదర్లాండ్స్‌లో తయారవుతున్నాయి. మన మెడికల్ షాపుల్లో ఎస్సిటాలోప్రామ్ సాధారణంగా అయిదు మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది.

వీటన్నిటికన్నా నోరు విప్పలేని బాధ ఇంకొకటుంది. మందు వాడుతున్నప్పుడు లైంగిక వాంఛ తగ్గడం వైద్యులకు తెలిసిందే. మానేశాక కూడా కొందరిలో అది తిరిగి రాదు. జననాంగాల్లో స్పర్శే మొద్దుబారుతుంది. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2019లో దీన్ని గుర్తించి, మందుతో ఇచ్చే సమాచార పత్రంలో హెచ్చరిక చేర్చమంది. కెనడా 2021లో అదే పని చేసింది. ఇది ఎందరిలో వస్తుందో లెక్క తేలలేదు, నిర్ధారిత చికిత్సా లేదు. డిప్రెషన్ కోరికను చంపుతుంది నిజమే, స్పర్శను మొద్దుబార్చడం దాని స్వభావం కాదు. డాక్టరు ముందు కూర్చుని ఈ మాట చెప్పడానికి ఎంత తెగువ కావాలో తెలుగు ఇళ్లలో పెరిగినవారికి వివరించనక్కర్లేదు.

మన దగ్గర సమస్య ఇంకో మెలిక తిరుగుతుంది. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో మానసిక రుగ్మతలున్నవారిలో, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. అలాంటిచోట మందులంటే హడలగొట్టే రాతలు ప్రాణాల మీదికి తెస్తాయి. ఈ మందులు ఎందరినో నిలబెట్టాయి, ఎవరూ వీటిని సొంతంగా, ఒక్కసారిగా ఆపకూడదు. మరోవైపు, పాత చీటీ చూపిస్తే చాలు మరో షీటు కత్తిరించి ఇచ్చే షాపులూ ఉన్నాయి. పెళ్లి కుదిరిందనో, అత్తవారికి తెలుస్తుందనో రాత్రికి రాత్రి మాత్రలు మానేసేవాళ్లూ ఉన్నారు. ఎస్సిటాలోప్రామ్‌తో క్లోనజిపామ్ కలిపిన మాత్రలు ఇక్కడ విరివిగా రాస్తారు. అలాంటిదాన్ని హఠాత్తుగా ఆపితే ఒకటి కాదు, రెండు మందుల ఎడబాటు ఒకేసారి మీద పడుతుంది. అందులో రెండోది ఫిట్స్ కూడా తెప్పించగలదు.

కాబట్టి చీటీ రాసిన రోజే, ఎంతకాలం వాడాలి, ఎలా మానాలి అన్నది కూడా డాక్టరు చెప్పి తీరాలి. రద్దీ ఓపీలో అయిదు నిమిషాలు దొరకడమే కష్టమన్న సాకు ఇక్కడ చెల్లదు, ఆ ముక్కను అచ్చు కాగితం మీద ఇవ్వవచ్చు. భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 1800-180-3024 నంబరు నడుపుతోంది. మందుల దుష్ప్రభావాలను రోగులే నేరుగా తెలపడానికి ఫారం తెలుగులోనూ ఉంది. మందు ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు ఆపారు అని అందులో అడుగుతారు. ఆపి ఆర్నెల్లయినా తగ్గని బాధను కూడా అక్కడ రాయవచ్చని రోగికి చెప్పాల్సింది డాక్టరూ, మందు అమ్మిన ఫార్మసిస్టూ.