స్కానింగ్ గది దాకా కార్డు: పాలమూరు, నల్లగొండ ప్రజల ప్రణాళిక

రోగం పేరు తెలియడం వైద్యానికి మొదటి మెట్టు. ఆ మెట్టు ఎక్కడానికి పాలమూరు, నల్లగొండ పేదలు ఇంకా సొంత పైసలే తీస్తున్నారు. ఆ ఒక్క మెట్టు కోసమే మేం ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట అడుగుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ (పాలమూరు) ఒకటి. తక్కిన రెండూ అనంతపురం, శ్రీకాకుళం. 2023 డిసెంబరులో తెలంగాణలో పథకం పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెరిగింది. కానీ కార్డు చెల్లేది నెట్‌వర్క్ ఆసుపత్రిలో, జాబితాలో ఉన్న చికిత్సకు. పరీక్షల ఖర్చు ఆ చికిత్సకు కట్టిన ప్యాకేజీలోనే కలిసిపోతుంది. విడిగా నడిచే స్కానింగ్ సెంటర్ ఈ గొలుసు బయట ఉంది. మన పట్టణాల్లో రేడియాలజిస్టు తరచుగా కూర్చునేది అక్కడే. చివరికి చికిత్స అవసరం పడకపోయినా సరే, జాబితాలోని జబ్బు అనుమానంతో వచ్చినవాళ్లను నెట్‌వర్క్ ఆసుపత్రి ఉచితంగా పరీక్షించాలని పథకం రాతలో ఉంది. ఆ రాతను అచ్చంపేటలో బస్సు కోసం నిలబడ్డ మనిషికి చదివి వినిపించినవాళ్లు ఎవరు?

మా విశ్వాసాలు ఇవి.

1. ఈ నేల చరిత్ర మనుషుల ఎముకల్లో ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు తరాలుగా ఫ్లోరైడు నీళ్లు తాగినవాళ్ల వెన్నెముక ఎక్స్‌రేలో మామూలు కన్నా తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది. ముంజేతిలో రెండు ఎముకల నడుమనున్న పొర గట్టిపడి అంచులు తేలి కనిపిస్తుంది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే వాడుతోంది. మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లోనే లేచింది. నీళ్లు మారాయి, పాత ఎముకలు మారవు. క్రషర్ల దగ్గర రాతిదుమ్ము పీల్చిన కూలీ సంగతీ అంతే. అతన్ని టీబీ మందుల మీద నెలలు గడిపించేముందు ఛాతీ ఎక్స్‌రేను తెలిసిన కన్ను ఒకటి చూడాలి. సిలికోసిస్ అని తేలితే చట్టప్రకారం నష్టపరిహారం అడగవచ్చు, అడిగేందుకు ఆ ఎక్స్‌రేనే సాక్ష్యం. ఇలాంటి ప్రాంతంలో రేడియాలజీని పైఖర్చుగా లెక్కగట్టడం మాకు అర్థంకాని లెక్క.

2. యంత్రం కొనుక్కోవచ్చు, చూపును పెంచుకోవాలి. ఫిల్మ్ తీసేది టెక్నీషియన్. దానిలో రోగాన్ని గుర్తుపట్టేది ఎంబీబీఎస్ తర్వాత మరో మూడేళ్లు అదే చదివిన డాక్టరు. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకు, సూర్యాపేటకు 2019లో, నాగర్‌కర్నూల్‌కు, వనపర్తికి 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. వీటి రేడియాలజీ విభాగాల చూపు దేవరకొండ దాకా, అమ్రాబాద్ దాకా సాగాలి. 2021 జూన్‌లో నల్లగొండ, మహబూబ్‌నగర్, గద్వాలలో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు తెరుచుకున్నాయి. అప్పటినుంచి పీహెచ్‌సీలో తీసిన రక్తం బండెక్కి జిల్లా కేంద్రానికి పోతోంది, ఫలితం ఫోనుకు వస్తోంది. రక్తం సీసాకు దొరికిన ఆ దారి ఎక్స్‌రేకు ఇంకా సులువు. ఫిల్మును నెట్‌లోనే పంపవచ్చు, దానికి బండి కూడా అక్కర్లేదు.

3. రేడియాలజిస్టు మాకు శత్రువు కాదు. కార్డు వద్దన్న డాక్టరుకు లోభమని పేరు పెట్టడం తేలిక, ఆ తేలిక దారి మేం పట్టం. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025లో సేవలే ఆపేశాయి. ప్యాకేజీ డబ్బు ఆసుపత్రికే ఆలస్యంగా అందితే, అందులో ఫిల్మ్ చదివినవారి వాటా ఎప్పటికి తేలాలి? పరీక్షకు విడిగా ధర ఉండాలి. చెల్లింపుకు గడువు ఉండాలి, గడువు దాటితే వడ్డీ పడాలి. ప్రతిగా మేం అడిగేది కూడా ఉంది: రోగిని పంపినవాళ్లకు ముట్టే కమీషన్ ఆగాలి. 2002 నాటి వైద్య మండలి నియమావళే దాన్ని నిషేధించింది.

4. రిపోర్టు చివర రోగికి అర్థమయ్యేలా నాలుగు వాక్యాలు తెలుగులో ఉండాలి. దీనికి కొత్త చట్టమూ అక్కర్లేదు, బడ్జెటూ అక్కర్లేదు.

5. ఈ వెలుగు మీద ఎవరికీ గుత్తహక్కు లేదు. 1895లో ఎక్స్‌రేలను కనుగొన్న రోంట్‌జెన్ వాటి మీద పేటెంటు తీసుకోలేదు. లోకానికి ఉచితంగా వచ్చిన కిరణం మన ఊరి కౌంటర్ దగ్గర అప్పుగా మారకూడదు.

మేం కోరే రోజు ఎలా ఉంటుందో చెబుతాం. నల్లమల అంచున ఒక చెంచు తల్లి ఐదో నెల స్కానింగ్‌కు నడిచి రాగలిగే దూరంలో రిజిస్టరైన యంత్రం ఉంటుంది. లింగనిర్ధారణ నిషేధ చట్టపు కట్టుబాట్లను మేం సడలించమని అడగం, ఆ కట్టుబాట్లతోనే సర్కారు దవాఖానలో యంత్రం పెట్టమంటున్నాం. తలుపు దగ్గర ఆరోగ్యమిత్ర కార్డు చూస్తారు, ఆ తర్వాత పైసల మాట రాదు. బిడ్డ గుండె తీరు తేడాగా ఉంటే నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో కూర్చున్న రేడియాలజిస్టు అదే పూట చూసి, తన పేరు, రిజిస్ట్రేషన్ నంబరు రాసి సంతకం పెడతారు. ముంబయి నుంచి దగ్గుతూ తిరిగొచ్చిన మేస్త్రీ హైదరాబాద్ బస్సు ఎక్కకుండానే తన ఊపిరితిత్తుల సంగతి తెలుసుకుంటాడు. పాత ఫిల్ములు ట్రంకుపెట్టెలో మడతలు పడవు. ఏ దవాఖానకు పోయినా అక్కడి డాక్టరుకు అవి కనిపిస్తాయి, మళ్లీ తీయించమని ఎవరూ అనరు. నిజం చెప్పాలంటే ఇందులో వింత ఏమీ లేదు. ఇదంతా విడివిడిగా ఎక్కడో ఒకచోట జరుగుతున్నదే.

మాతో నడవబోయే మీకు మొదటి పని చిన్నది. మీ మండలంలో ఎన్ని స్కానింగ్ సెంటర్లున్నాయి, క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం చెప్పినట్టు ధరల పట్టిక గోడ మీద ఉందా, రిపోర్టు మీద ఎవరి సంతకం ఉంది, కార్డు తీసుకుంటారా అన్నది రాయండి. సర్కారు దవాఖానలో రేడియాలజిస్టు పోస్టు మంజూరైందా, నిండిందా అని డీఎంహెచ్‌ఓ కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రెండు ఉమ్మడి జిల్లాల్లోనూ దరఖాస్తులు ఒకే రోజు పడేలా చూద్దాం. ఇంట్లో పాత రిపోర్టులు, బిల్లులు ఉంటే పారెయ్యకుండా మొదటి సమావేశానికి వెంట తీసుకురండి.