గాజుతొట్టి ప్రయాణము

హైదరాబాదునకు కాపురము మార్చుకొనబోవుచున్న విశాఖపట్టణపు సోదరి యొకరు మాకు జాబు వ్రాయుచు, “సామానుల మాట యెట్లున్నను, మా పిల్లలు పెంచుకొనుచున్న బంగారు చేపలను ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దారిని ప్రాణములతో కొనిపోవుట సాధ్యమేనా? ఏ చెరువునందైన విడిచిపెట్టుమని మా అత్తగారు చెప్పుచున్నారు” అని అడిగినారు. సమాధానము చెప్పుటకు మేమెంతవరకు తగుదుమో తెలియదు. ఒకమారు ఈ పనిలో మేము ఘోరముగా తప్పినవారము.

మావారికి మొదటిసారి దూరపుటూరికి బదిలీయైనప్పుడు మాయింట ఐదు బంగారు చేపలుండెను. కొత్త యింటికి పాచిపట్టిన తొట్టిని తీసికొనిపోవుట నామర్దాయని తలచి, తొట్టిని, అడుగున నున్న గులకరాళ్లను, ఫిల్టరులోని స్పాంజిని కుళాయి క్రింద తళతళలాడునట్లు తోమి, రెండు దినములు ఎండబెట్టితిమి. దారిలో చేపలకేమియు కాలేదు. కొత్త యింట తేటనీటిలో విడిచితిమి. నాలుగవనాడు ఒకటి నీటిపైకి వచ్చి నోరు తెఱచుచు రొప్పసాగెను. పదియవనాటికి ఒక్కటి మాత్రము మిగిలెను. చచ్చినవానిని మా చిన్నది ఒక్కొక్కదానినే తులసికోట ప్రక్కను పూడ్చినది. కొత్త బడిలో దానికి అప్పటికింకను ఒక్క స్నేహితురాలైనను దొరకలేదు. “ఊరు మారినందుకా అమ్మా?” అని అడిగినది. ఔనని చెప్పి తప్పించుకొంటిమి. కారణము ఊరు కాదు, మా శుభ్రత.

చేపలు మొప్పలద్వారా అమోనియాను విడుచుచుండును. తినక మిగిలిన మేత క్రుళ్లినను అదియే పుట్టును. అది వానికి విషము. స్పాంజిలోను రాళ్లపైనను కాపురముండు సూక్ష్మజీవులలో కొన్ని దానిని నైట్రైటుగను, మఱికొన్ని ఆ నైట్రైటును అంతగా కీడుచేయని నైట్రేటుగను మార్చుచుండును. మట్టిలో ఇట్టిపని చేయు జీవులను వినోగ్రాడ్‌స్కీ యను రష్యాదేశపు శాస్త్రజ్ఞుడు 1890లో వేఱుచేసి చూపెను. కొత్త తొట్టిలో ఇవి చాలినన్ని కుదురుకొనుటకు నెల దినములో, అంతకు మించియో పట్టును. మేము మురికియని కడిగివేసినది వీనినే. పాలు తోడుపెట్టుటకు గరిటెడు మజ్జిగయైన మిగుల్చుకొనని యిల్లాలుండునా? ఆ స్పాంజియే తొట్టికి తోడు.

కావున సోదరి మొట్టమొదట భద్రము చేయవలసినది ఆ తోడును. స్పాంజిని, గులకరాళ్లను పాత తొట్టినీటితో తడిపి మూతగల డబ్బాలో నుంచవలెను. నిండుగ నీరుపోసి మూత బిగించుటకంటె, తడియారకుండ కొంచెము గాలి తగులనిచ్చుట మేలు. ఆ జీవులకును ప్రాణవాయువు కావలయును. ఎండ తగులరాదు. కుళాయినీటితో కడుగనే కూడదు.

తొట్టిని మాత్రము పూర్తిగా ఖాళీ చేయవలెను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గలదానిలో 56 లీటర్ల నీరు, అనగా 56 కిలోల బరువు పట్టును. అడుగున కొంచెమే యున్నదిగదా యని నీటితో నెత్తినను అతుకులు వదులగును. బొంతలలో చుట్టి లారీలో వేయవచ్చును. చేపలను లారీలో వేయరాదు. అవి మనతోనే రావలెను.

బయలుదేరుటకు ముందు ఒకటి రెండు దినములు మేత మాన్పవలెను. ఆకలితో పంపుటకు మనసొప్పదు. కాని పెద్ద చేపలు ఆమాత్రము ఉపవాసము సులభముగ నోర్చును. తిన్నచో సంచిలోని నీరు పాడగును. చేపలమ్ము అంగడివారు ప్లాస్టిక్ సంచిలో మూడవవంతు నీరుపోసి తక్కినది ప్రాణవాయువుతో నింపి కట్టుదురు. చేపకొక సంచి, దానిపై మఱియొక సంచి, అన్నియు థర్మోకోల్ పెట్టెలో. మూతవేసిన చీకటిలో అవి నెమ్మదిగ నుండును.

దారిలో పిల్లలెంత బ్రతిమాలినను సంచి విప్పరాదు. మూసిన సంచిలో చేప విడుచు బొగ్గుపులుసు వాయువు నీటిలో కరగి దానికి కొంత ఆమ్లగుణము నిచ్చును. దానివలన అమోనియా తీవ్రత అణగియుండును. విప్పినంతనే ఆ వాయువు పోయి విషము మరల పైకొనును.

కొత్త యింట పాలు పొంగించినవెంటనే, వంటసామాను విప్పకమునుపే, తొట్టిని నిలుపవలెను. హైదరాబాదున కుళాయినీరు క్లోరినుతో శుద్ధియై వచ్చును. అది చేపలకును మన తోడునకును గూడ శత్రువు. అంగళ్లలో దొరకు క్లోరిను విఱుగుడు మందును కలిపి, స్పాంజిని రాళ్లను స్వస్థానములనుంచి, కట్టిన సంచులను పావుగంట తేలనిచ్చి, పిమ్మట చేపలను మాత్రము వలతో తీసి విడువవలెను. సంచినీరు పాఱబోయుడు. వారము దినములు మేత చిటికెడే.

ఇక చెరువు మాట. అత్తగారిది దయగల తలంపే గాని, పెంపుడు చేపలను చెరువులో విడువరాదు. అద్దమునంటుకొని పాచి నాకు సకర్ చేప ఇట్లు తొట్లనుండి వెలువడినదే; నేడు మన చెరువులలోను నదులలోను వ్యాపించి జాలరుల వలలను చింపుచున్నది. ముసలిదియో జబ్బుదియో యైన చేప యున్నచో, పెంచుకొనెడి పొరుగింటివారికిచ్చుట మేలు.

మాకు మిగిలిన ఆ యొక్క చేపయు రెండవ బదిలీలో మాతో వచ్చినది. ఆ తెల్లవారుజామున స్పాంజిని తడిపి డబ్బాలో నుంచుచు, మొదటి చేపలెందుకు పోయినవో మా చిన్నదానితో చెప్పితిమి. “అయితే నీవు కడిగినందుకా?” అని, చాలసేపు మాటాడలేదు. బండి బయలుదేరునప్పుడు వచ్చి, ఆ డబ్బాను తన యొడిలో పెట్టుకొని కూర్చున్నది.